బండను కదిలించిన నలుగురు
(శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌదరి జీవిత విశేషాలు)

మేడే ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని సంపాదకవర్గం మిత్రులు నన్ను కోరారు. కార్మిక నాయకుల గురించి, సంఘ నిర్మాతల గురించి రాయడానికి నాకంటే అర్హులైనవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత శ్రామికుని కంచులో పోతపోసి సముద్రపుటొడ్డున నిలబెట్టిన ఒక శిల్పి గురించి నాలుగు మాటలు రాస్తాను. ఆయనా మనలాగే నెల జీతం మీద బతికినవారు. ప్రభుత్వోద్యోగం చేసి, వయసు రాగానే పదవీ విరమణ చేసినవారు. విరమణ తరువాత ఏం చేశారన్నది మనకు మరీ ముఖ్యం.

మద్రాసు మెరీనా బీచికి వెళ్లని తెలుగువారు మన తరంలో తక్కువ. వైద్యానికని కొందరు, పెళ్లి బట్టలకని కొందరు, సినిమా తారలను చూద్దామని కొందరు, శాఖాపరమైన శిక్షణకని మరికొందరు అక్కడికి వెళ్లినవారే. బీచి రోడ్డున ఉత్తరపు కొసలో, మద్రాసు విశ్వవిద్యాలయం ఎదురుగా ఒక కంచు శిల్పం ఉంది. నలుగురు మనుషులు ఒక పెద్ద బండను కదిలించడానికి ప్రయత్నిస్తూ ఉంటారు. ఒంటిమీద గోచీ తప్ప మరేమీ లేదు. వీపులు వంగి, పిక్కలు బిగిసి, నరాలు తేలి ఉంటాయి. బండ ఇంకా కదలలేదు. కదలబోతున్నది. దాని పేరు శ్రమ విజయం. ఇంగ్లీషులో ట్రయంఫ్ ఆఫ్ లేబర్ అంటారు. చేసినవారు దేవీప్రసాద్ రాయ్ చౌదరి.

బాల్యం, విద్య

దేవీప్రసాద్ రాయ్ చౌదరి 1899 జూన్ 15న అవిభక్త బెంగాలులోని రంగపూర్ జిల్లా తాజ్‌హాట్‌లో జన్మించారు. ఆ ప్రాంతం ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. జమీందారీ సంబంధం గల కుటుంబం. కావాలనుకుంటే కాలు మీద కాలు వేసుకుని బతకగల పుట్టుక. ఆయన ఆ దారిన పోలేదు. చిన్ననాటి నుంచి బొమ్మల మీదే ధ్యాస.

చిత్రకళలో ఆయనకు గురువు అవనీంద్రనాథ్ ఠాగూర్. రవీంద్రుని పినతండ్రి మనుమడు, రవీంద్రునికి అన్న కొడుకు వరస అయిన మహాచిత్రకారుడు. వంగ చిత్రకళా సంప్రదాయానికి మూలపురుషుడు. పాశ్చాత్యుల తైలవర్ణాలను పక్కనబెట్టి, మన పురాణాలను, మన మొగలాయి, రాజపుత్ర చిత్రాలను ఆధారం చేసుకుని, నీటిరంగులతో మృదువుగా బొమ్మలు వేసే పద్ధతిని ఆయన నెలకొల్పారు. ఆ పద్ధతి మన తెలుగుదేశానికి కూడా వచ్చింది. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ గారు దానిని బోధించారు. అడివి బాపిరాజు గారు ఆ కళాశాలలోనే ఆయన వద్ద నేర్చుకున్నారు.

రాయ్ చౌదరి మాత్రం ఒక్క గురువుతో, ఒక్క పద్ధతితో తృప్తి పడలేదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చిత్రించే విద్యను ఒక ఇటాలియన్ చిత్రకారుని వద్ద నేర్చుకున్నారు. శిల్పవిద్యను హిరణ్మయ రాయ్ చౌదరి గారి వద్ద అభ్యసించారు. ఇలా ఒకవైపు గురువుగారి భావనాలోకం, మరొకవైపు కండ, ఎముక, చర్మం గల మనిషి దేహం. ఈ రెంటిలో ఆయన చేయి మెల్లమెల్లగా రెండోవైపు మొగ్గింది. దానికి ఆయన స్వభావం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. ఆయన కుస్తీ పట్టిన మనిషి. వేటకు వెళ్లేవారు. వేణువు వాయించేవారు. బెంగాలీలో కథలు రాసేవారు. కుస్తీ పట్టినవానికి కండ ఎక్కడ బిగుస్తుందో, బరువు ఏ కాలి మీద పడుతుందో పుస్తకం చదివి తెలుసుకోనక్కర లేదు. తన ఒంటికే తెలుసు. మెరీనాలోని ఆ నలుగురి వీపులు చూసినప్పుడు ఆ సంగతి గుర్తుకు రావాలి.

మద్రాసు కొలువు

1929 ప్రాంతంలో ఆయన మద్రాసు వచ్చి ప్రభుత్వ చిత్రకళా పాఠశాల బాధ్యతలు స్వీకరించారు. ఈ పాఠశాల చరిత్ర కొద్దిగా చెప్పుకోవాలి. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే శస్త్రవైద్యుడు దీనిని స్థాపించారు. రెండేళ్లకే ప్రభుత్వం దానిని తన చేతిలోకి తీసుకుంది. కొయ్యపని, లోహపు పని, కుండలు, నగిషీ వంటి వృత్తివిద్యలకు అది పేరుపొందింది. మన ఇళ్లలో ఒకప్పుడు ఇత్తడి, కంచు పాత్రలను పక్కకు నెట్టిన అల్యూమినియం గిన్నెల తయారీ కూడా ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ పర్యవేక్షణలో 19వ శతాబ్దం చివర ఆ పాఠశాలలోనే మొదలైంది. అంటే అది పనివారిని తయారుచేసే పాఠశాల. దానికి దాదాపు ఎనభై ఏళ్లపాటు ఆంగ్లేయులే అధిపతులు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు రాయ్ చౌదరి.

ముప్ఫై ఏళ్ల వయసులో ఆ కుర్చీ ఎక్కిన ఆయన ఇంచుమించు మూడు దశాబ్దాలు అక్కడే ఉన్నారు. వృత్తిపనుల బడిలో చిత్రకళకు, శిల్పకళకు పెద్దపీట వేశారు. ఎదుట మనిషిని నిలబెట్టి చూసి గీయడం, చూసి మలచడం విద్యార్థులకు అలవాటు చేశారు. చూసి గీయమన్నారే కాని, తనలా గీయమని పట్టుబట్టలేదు. అందుకు నిదర్శనం ఆయన శిష్యులే. కె.సి.ఎస్. పణిక్కర్ ఆయన శిష్యుడు. ఆయన తరువాత అదే కుర్చీలో కూర్చుని, 1966లో మద్రాసు దగ్గర చోళమండలం కళాకారుల గ్రామాన్ని నెలకొల్పారు. పణిక్కర్ బొమ్మలకు, గురువుగారి బొమ్మలకు ఎక్కడా పోలిక ఉండదు. శిల్పి ధనపాల్ మరొక శిష్యుడు. బెంగాలు నుంచి వచ్చి చేరిన పరితోష్ సేన్, ప్రదోష్ దాస్ గుప్తా వంటివారు తరువాత దేశంలో ప్రముఖులైనారు.

మనవారిలో విజయనగరానికి చెందిన అంట్యాకుల పైడిరాజు గారిని తప్పక చెప్పుకోవాలి. ఆయన మద్రాసులో రాయ్ చౌదరి వద్ద నేర్చుకుని, సొంత ఊరికి తిరిగివచ్చి, అక్కడ చిత్రకళ బోధించే పాఠశాల నడిపారు. చిత్రంలోను, శిల్పంలోను రెంటిలోను చేయి తిరిగినవారు. ఒక గురువు ప్రభావం ఎలా ప్రయాణిస్తుందో చూడండి. రంగపూర్‌లో పుట్టినవాడు కలకత్తాలో నేర్చి, మద్రాసులో బోధించగా, దాని ఫలం విజయనగరం పిల్లలకు దక్కింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు మన కోస్తా, రాయలసీమ కుర్రవాళ్లకు బొమ్మలు వేయాలన్న కోరిక పుడితే ముందుగా తలపుకు వచ్చిన పెద్ద విద్యాలయాల్లో అదొకటి.

రెండు ప్రభుత్వాలు, ఒకే చేయి

1937లో బ్రిటిషు ప్రభుత్వం ఆయనకు ఎం.బి.ఇ. బిరుదు ఇచ్చింది. స్వతంత్ర భారత ప్రభుత్వం 1958లో పద్మభూషణ్ ఇచ్చింది. 1954లో లలితకళా అకాడమీ ఏర్పడినప్పుడు దానికి ఆయనే తొలి అధ్యక్షులు. 1962లో అకాడమీ ఫెలోషిప్, 1968లో రవీంద్రభారతి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు లభించాయి.

దొరల ప్రభుత్వం ఇచ్చిన బిరుదును, స్వదేశీ ప్రభుత్వం ఇచ్చిన బిరుదును ఒకే మనిషి అందుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. ఆ రోజుల్లో ప్రభుత్వోద్యోగుల పరిస్థితి తెలిసినవారికి వింత కాదు. మన నాన్నగార్లు, తాతగార్లు కొందరు పగలు దొరగారి కచేరీలో పనిచేసి, రాత్రి ఇంట్లో రాట్నం తిప్పినవారే. కొలువు కొలువే, మనసు మనసే. అయితే కళాకారుని మనసు ఆయన చేతిపనిలో బయటపడక మానదు. రాయ్ చౌదరి విషయంలో అది ఎలా బయటపడిందో చూడాలంటే ఆయన ఎన్నుకున్న విషయాలు చూడాలి.

1936 నవంబరు 12న తిరువాన్కూరు మహారాజు హరిజనులకు ఆలయ ప్రవేశం కల్పిస్తూ ప్రకటన చేశారు. దేశమంతా కదిలిన సంఘటన అది. దానిని రాయ్ చౌదరి శిల్పంగా మలిచారు. 1943లో బెంగాలును కబళించిన కరువు ఆయనను కలచివేసింది. ఆకలికి బలైనవారి శిల్పం ఆయన కృతులలో ప్రసిద్ధమైనది. చలికి ముడుచుకుపోయిన దీనమైన దేహం మరొక శిల్పం. జమీందారీ ఇంటిలో పుట్టినవాడు చేసిన బొమ్మల్లో ఆకలి, చలి, బరువు ఇన్నిసార్లు కనిపించడం ఊరికే జరిగింది కాదు.

పెద్దవారి విగ్రహాలు కూడా ఆయన చేశారు. కలకత్తాలో సురేంద్రనాథ్ బెనర్జీ విగ్రహం ఆయన చేసినదే. మెరీనాలో 1959లో నెలకొల్పిన గాంధీజీ విగ్రహం కూడా ఆయన చేసినదే. కర్ర పట్టుకుని వడివడిగా నడిచే గాంధీజీ ఆయనకు ఇష్టమైన రూపం. కూర్చుని ధ్యానించే గాంధీజీ కంటే నడిచే గాంధీజీలోనే ఆయనకు పని దొరికింది.

పాట్నా ఏడుగురు

1942 ఆగస్టు 11న, క్విట్ ఇండియా ఉద్యమం మొదలైన మూడోనాడు, పాట్నా సచివాలయం మీద జాతీయ జెండా ఎగరవేయడానికి విద్యార్థులు బయలుదేరారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు కుర్రవాళ్లు నేలకొరిగారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజునే, అంటే 1947 ఆగస్టు 15న, అప్పటి బీహారు గవర్నరు జయరాందాస్ దౌలత్‌రాం వారి స్మారకానికి శంకుస్థాపన చేశారు. శిల్పం చేసే బాధ్యత రాయ్ చౌదరికి దక్కింది. 1956లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ దానిని ఆవిష్కరించారు.

ఏడుగురూ కంచులో నిలువెత్తున ఉంటారు. ముందున్నవాని చేతిలో జెండా. వెనుక ఒకరు ఒరుగుతుంటే మరొకరు ముందుకు సాగుతుంటారు. పడిపోతున్నవాళ్లు, పడబోయేవాళ్లు, నిలిచినవాళ్లు అందరూ ఒక్క వరుసలో ఒక్క కదలికగా కనిపిస్తారు. మామూలుగా స్మారకమంటే ఒక స్తంభం, దాని మీద పేర్లు. ఇక్కడ పేర్లతోపాటు వారి నడక కూడా మిగిలింది. ఆ కాల్పుల్లో పోయిన పిల్లల తల్లిదండ్రులలో 1956 నాటికి బతికి ఉన్నవారు ఆ శిల్పం ముందు నిలబడి ఏమనుకుని ఉంటారో ఊహించడం కష్టం.

శ్రమ విజయం

ఇక మన సంచికకు ముఖ్యమైన శిల్పం దగ్గరకు వద్దాం. నలుగురు మనుషులు, ఒక బండ. ఈ కూర్పు ఆయన మనసులో చాలాకాలం నలిగింది. దీని ప్రతి ఒకటి ఢిల్లీలో 1954లో ప్రారంభమైన జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల ఆవరణలో కూడా ఉంది. మద్రాసులో మెరీనా మీద దీనిని 1959 జనవరి 25న, గణతంత్ర దినోత్సవానికి ముందురోజున నెలకొల్పారు. అప్పుడు కామరాజ్ నాడార్ గారు మద్రాసు ముఖ్యమంత్రి.

ఆ చోటుకు ఒక విశేషం ఉంది. మన దేశంలో మొట్టమొదటి మేడే 1923లో మద్రాసులో జరిగింది. సింగారవేలు చెట్టియార్ గారు ఆ రోజు సముద్రపుటొడ్డున రెండు సభలు జరిపారు. ఒకటి హైకోర్టు ఎదుట, రెండవది తిరువళ్లిక్కేణి బీచిలో. ఆ సభలు జరిగిన తీరానే ముప్ఫై ఆరేళ్ల తరువాత ఈ శిల్పం వెలసింది. అప్పటికి మెరీనాలో ఇప్పుడున్నన్ని విగ్రహాలు లేవు. తిరువళ్లువర్, అవ్వయార్, కంబర్, కణ్ణగి, భారతి వంటివారి విగ్రహాల వరుస 1968 జనవరిలో రెండవ ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా వచ్చింది. మహాకవులకంటే, మహారాణులకంటే తొమ్మిదేళ్లు ముందుగా పేరులేని నలుగురు కూలీలు అక్కడికి వచ్చి నిలబడ్డారన్నమాట.

మన హైదరాబాదు ట్యాంక్ బండ్ మీద 1986లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం నెలకొల్పిన విగ్రహాలు మీకు తెలుసు. నన్నయ, అన్నమయ్య, క్షేత్రయ్య, వేమన వంటి తెలుగు వెలుగులు వారు. వారిని గౌరవించవలసిందే. అక్కడ ప్రతి విగ్రహం కింద పేరు చదివి, ఆయన ఎవరో పిల్లలకు చెబుతాం. మెరీనాలోని నలుగురి కింద చదవడానికి పేర్లు లేవు. పేరు లేకపోవడమే వారి చిరునామా.

అయితే శిల్పికి ఎదురుగా మనిషి కావాలి కదా. పేరులేని కూలీని మలచాలన్నా ఒక పేరున్న మనిషి వచ్చి నిలబడాలి. ఈ శిల్పానికి నమూనాగా నిలబడినవారిలో కళాశాల రాత్రి కావలిమనిషి ఒకరని, అక్కడి విద్యార్థి ఒకరని చెబుతారు. నాకు ఈ సంగతి శిల్పం కంటే గొప్పగా తోచింది. ప్రిన్సిపాలుగారి గదిలో గేటు కాపలావాడు గంటల తరబడి వంగి, లేని బండను నెడుతూ నిలబడ్డాడు. ప్రిన్సిపాలుగారు అతని వీపును, భుజాలను తదేకంగా చూస్తూ మట్టి అద్దారు. మన ఆఫీసులను తలచుకోండి. తాళాలు తీసినవారు, లెడ్జర్లు మోసినవారు, మంచినీళ్ల కుండ నింపినవారు, నాణేల సంచులు భుజాన వేసుకుని మెట్లెక్కినవారు ఎందరు! మేనేజర్ల ఫోటోలు గోడల మీద వరుసగా ఉంటాయి. వీరి ఫోటో ఎక్కడైనా చూశారా? మద్రాసు కళాశాలలో మాత్రం ఒక కావలిమనిషి వీపు కంచులో మిగిలిపోయింది.

కంచులో పోత

ఇటువంటి శిల్పం ఎలా తయారవుతుందో క్లుప్తంగా చెబుతాను. ముందు ఇనుప కడ్డీలతో మనిషి ఆకారానికి ఒక చట్రం కడతారు. దాని మీద బంకమట్టి మెత్తి రూపం దిద్దుతారు. శిల్పి చేతిపని ఇక్కడే. మట్టి ఎండి బీటలు వారకుండా తడిగుడ్డలు కప్పుతూ నెలల తరబడి పని సాగుతుంది. రూపం కుదిరాక దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీస్తారు. ఆ అచ్చు నుంచి మైనపు రూపం తీసి, దాని చుట్టూ మళ్లీ మన్ను పట్టించి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. ఖాళీ అయిన చోట కరిగిన కంచు పోస్తారు. మన స్వామిమలై స్థపతులు దేవతామూర్తులను పోతపోసేదీ ఈ మైనపు పద్ధతిలోనే. కంచులో దాదాపు తొమ్మిది పాళ్లు రాగి, ఒక పాలు తగరం. ఇంత పెద్ద శిల్పాలను ఒకేసారి పోయడం సాధ్యం కాదు. ముక్కలుగా పోసి, అతికి, అతుకులు కనపడకుండా సానబెడతారు. లోపల డొల్లగా ఉంటుంది.

రాయ్ చౌదరి పని చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ఆయన మట్టిని నున్నగా దిద్దలేదు. వేలితో అద్దిన ముద్దలు, నొక్కిన గుంటలు అలాగే ఉంచారు. అవే కంచులోకి వచ్చాయి. ఎండ ఆ గతుకుల మీద పడినప్పుడు కండ నిజంగా అదురుతున్నట్టు ఉంటుంది. పాశ్చాత్య శిల్పులలో రోడాఁ పద్ధతి ఇది. పాలరాతి నునుపు అలవాటైన కళ్లకు మొదట మోటుగా కనబడవచ్చు. బండ మోసేవాని ఒళ్లు నున్నగా ఉండదని గుర్తు చేసుకుంటే ఆ మోటుదనమే సరైనదని ఒప్పుకుంటాం.

సముద్రపు గాలిలోని ఉప్పు కంచుకు శత్రువు. రాగిని తిని పచ్చని పొర కడుతుంది. అరవై ఏళ్లు దాటినా, ఎన్నో తుపానులు చూసినా, 2004 డిసెంబరు 26న సునామీ ఆ తీరం మీద విరుచుకుపడినా ఆ నలుగురు చేతులు ఎత్తలేదు.

పదవీ విరమణ తరువాత

రాయ్ చౌదరి 1950ల చివర పదవీ విరమణ చేశారు. శ్రమ విజయం మెరీనా మీదకు వచ్చేనాటికి ఆయనకు అరవై ఏళ్లు నిండబోతున్నాయి. బిరుదులు వచ్చాయి. శిష్యులు పెద్దవారయ్యారు. ఇక చాలు అనుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన ఆ వయసులో తన జీవితంలోకెల్లా పెద్ద పని తలకెత్తుకున్నారు. అది దండి యాత్ర శిల్పం.

1930 మార్చి 12న గాంధీజీ 78 మంది అనుచరులతో సబర్మతి నుంచి బయలుదేరి, 24 రోజులు నడిచి, ఏప్రిల్ 6న దండి తీరంలో ఉప్పు తీశారు. ఆ యాత్ర సాగుతున్న రోజుల్లో రాయ్ చౌదరి ఆంగ్లేయ ప్రభుత్వ పాఠశాలలో కొత్తగా కుర్చీ ఎక్కిన యువ అధికారి. ఆ నడకలో ఆయన కాలు కలపలేదు. దశాబ్దాల తరువాత, జుట్టు నెరిశాక, ఆ నడకను కంచులో నడిపించడానికి పూనుకున్నారు. ముందు గాంధీజీ, వెనుక పదిమంది. ఆడవారు, మగవారు, వేర్వేరు మతాలవారు, వేర్వేరు ప్రాంతాలవారు, వేర్వేరు వేషాలవారు. గాంధీజీ వెనక్కి తిరిగి చూడరు. వెనుకవారు ఆగరు.

ఈ పని ఏళ్ల తరబడి సాగింది. 1975 అక్టోబరు 15న, 76 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూసేనాటికి అది పూర్తికాలేదు. ఆయన పోయాక మిగిలిన పని పూర్తిచేసి, న్యూఢిల్లీలో సర్దార్ పటేల్ మార్గ్ దగ్గర నిలబెట్టారు. దాని పొడవు సుమారు 26 మీటర్లు. ఢిల్లీవాసులు దానిని గ్యారా మూర్తి అంటారు, అంటే పదకొండు విగ్రహాలు. ఆటో డ్రైవరుకు ఆ మాట చెబితే చాలు, తీసుకుపోతాడు. శిల్పి పేరు చెబితే మాత్రం తెలియకపోవచ్చు.

మన చేతుల మీదుగా

బ్యాంకు ఉద్యోగులుగా మనకు ఈ శిల్పంతో ఒక ప్రత్యేకమైన బంధం ఉంది. మహాత్మాగాంధీ వరుసలో వచ్చిన పాత 500 రూపాయల నోటు వెనుకవైపు బొమ్మ గుర్తు తెచ్చుకోండి. కర్ర పట్టుకుని ముందు గాంధీజీ, వెనుక వరుసగా జనం. ఆ బొమ్మ ఈ శిల్పాన్ని పోలినదే. క్యాష్ కౌంటర్లో కూర్చున్న నావంటివారు ఒక్కొక్క రోజు ఆ బొమ్మను ఎన్నివేలసార్లు బొటనవేలి కింద తిప్పారో లెక్కలేదు. కట్టకు నూరు నోట్లు. నూరుసార్లు ఆ పదకొండుమంది మన కళ్ల ముందు నడిచి వెళ్లారు. మొదటి పింఛను అందుకున్నప్పుడు కూడా మనలో చాలామందికి దక్కినవి ఆ నోట్లే.

2016 నవంబరు 8 రాత్రి ఆ నోట్లు రద్దయ్యాయి. ఆ తరువాతి వారాలలో బ్యాంకుల ముందు వరుసలు ఎలా ఉన్నాయో, అప్పటికి సర్వీసులో ఉన్న మన తమ్ముళ్లు రాత్రి ఎన్ని గంటల వరకు కౌంటర్ల వద్ద కూర్చున్నారో మనం మరువలేదు. అప్పటికే విరమణ చేసిన కొందరు పెద్దలు కూడా పాత శాఖలకు వెళ్లి, వరుసల్లో నిలబడ్డ ముసలివారికి ఫారాలు నింపిపెట్టారు. అలా ఆ కాగితపు దండి యాత్ర మన కౌంటర్ల మీదుగానే వెనక్కి వెళ్లిపోయింది. కొత్త 500 నోటు మీద ఎర్రకోట వచ్చింది. కంచు దండి యాత్ర మాత్రం ఢిల్లీలో నడుస్తూనే ఉంది. నోటుకు చెల్లుబాటు ప్రభుత్వం ఇస్తుంది, ప్రభుత్వమే తీసేస్తుంది. చేతిపనికి ఆ భయం లేదు.

ముగింపు

రాయ్ చౌదరి కుమారుడు భాస్కర్ నాట్యకళాకారుడై అమెరికాలో పేరు తెచ్చుకున్నారు. తండ్రి కదలికను కంచులో నిలిపితే, కొడుకు తన దేహంలోనే చూపించాడు. రాయ్ చౌదరి అధిపతిగా ఉన్న పాఠశాల ఇప్పుడు ప్రభుత్వ లలితకళల కళాశాలగా చెన్నైలో నడుస్తున్నది.

ఆయన జీవితం నుంచి మన సంఘ సభ్యులు తీసుకోదగినవి రెండు ఉన్నాయని నేననుకుంటాను. మొదటిది, గౌరవం ఎవరికి ఇవ్వాలన్న సంగతి. మన ప్రత్యేక సంచికలలో ఏటా పెద్ద పదవులు చేసినవారి జీవిత విశేషాలు వేస్తున్నాం. మంచిదే. మనతో పనిచేసి విరమించిన దఫ్తరీలు, అటెండర్లు, కాపలాదారులు, స్వీపర్లు చాలామంది మన సంఘంలో సభ్యులు. కొందరు కుటుంబ పింఛనుతో బతుకుతున్న వారి భార్యలు. వారి జీవితాలకు కూడా ఏటా రెండు పేజీలు కేటాయించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. రాయలేనివారు చెబితే రాసిపెట్టడానికి నేను సిద్ధం. వారి వద్దకు మనమే వెళ్లాలి. వారంతట వారు వచ్చి చెప్పరు.

రెండవది, విరమణ తరువాతి కాలం. మనకు రావలసిన హక్కుల గురించి ఈ సంచికలో తక్కిన పేజీలలో మిత్రులు రాశారు. వాటి కోసం పోరాడవలసిందే. దానితోపాటు, చేతనైన పని ఒకటి పట్టుకోవాలి. పూర్తవుతుందా లేదా అన్నది తరువాతి మాట. రాయ్ చౌదరి పట్టుకున్న పని ఆయన బతికుండగా పూర్తికాలేదు. ఆయన మొదలుపెట్టి ఉండకపోతే, పూర్తిచేయడానికి ఎవరికీ ఏమీ ఉండేది కాదు.

ఈసారి పిల్లల వద్దకో, ఆసుపత్రి పని మీదో చెన్నై వెళ్లినప్పుడు సాయంత్రం మనుమలను తీసుకుని మెరీనా ఉత్తరపు కొసకు వెళ్లండి. శనగలు, మామిడిముక్కలు కొనిపెట్టి, ఆ శిల్పం చుట్టూ ఒకసారి తిప్పండి. ముందునుంచే కాదు, వెనుకనుంచి కూడా చూపించండి. ఆ పని ఎంత బరువైనదో వీపులు చూస్తేనే తెలుస్తుంది.